మాట అంకెగా మారేది ఎక్కడ?

చిత్తూరు జిల్లా తవణంపల్లె మండలంలో అరగొండ ఓ మోస్తరు పల్లె. ఆంజనేయుడు సంజీవని కొండను మోసుకుపోతుంటే సగం ముక్క జారిపడిందని జనం చెప్పుకునే అర్ధగిరి ఈ ఊరిదే. అపోలో ఆస్పత్రుల వ్యవస్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి సొంతూరూ ఇదే. 2000 మార్చి 24న హైదరాబాదుకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఈ ఊరి ఆస్పత్రిలోని టెలిమెడిసిన్ కేంద్రాన్ని లాంఛనంగా ప్రారంభించారు. రోగి అరగొండలో ఉంటాడు, స్పెషలిస్టు డాక్టరు నగరంలో ఉంటాడు. ఎక్స్‌రే, ఈసీజీ, మాటామంతీ అన్నీ దూరం దాటి అవతలికి పోతాయి.

ఆ కేంద్రం అనగానే ఇస్రో అమర్చిన ఉపగ్రహ సంధానం గురించే అందరూ చెబుతారు. పని మొదలైంది మాత్రం మామూలు వెబ్ కెమెరాలతో, ఐఎస్‌డీఎన్ టెలిఫోను లైన్లతో. ఇంటిగ్రేటెడ్ సర్వీసెస్ డిజిటల్ నెట్‌వర్క్ అన్న పొడవాటి పేరుకు పొట్టి రూపం అది. మాటనూ, బొమ్మనూ, కంప్యూటరు సమాచారాన్నీ ఒకే టెలిఫోను తీగ మీద అంకెలుగా మోసే ఏర్పాటు. మన ఊళ్లలో దాన్ని వాడినవాళ్లు తక్కువ, పేరు విన్నవాళ్లు ఇంకా తక్కువ. అయినా ఈ రోజు జేబులోని ఫోను ఎలా పనిచేస్తుందో తెలియాలంటే దాని దగ్గర ఆగాల్సిందే. ఎందుకంటే టెలిఫోను చరిత్రనంతా ఒక్క ప్రశ్న పట్టుకుని చెప్పేయవచ్చు: మనిషి మాట అంకెగా మారేది ఎక్కడ?

మాటతోపాటు పెరిగే రొద

మొదట్లో ఎక్కడా మారేది కాదు. పాత ఫోను మైకులో కార్బన్ రేణువులుండేవి. మాట తాకిడికి అవి దగ్గరై దూరమవుతుంటే తీగలోని కరెంటు హెచ్చుతగ్గులయ్యేది. గొంతు ఆకారమే కరెంటు ఆకారం. దీన్నే అనలాగ్ అంటాం. ఊళ్లో ఊళ్లోనే మాట్లాడుకుంటే దీంతో ఇబ్బంది లేదు. చిత్తూరు నుంచి మద్రాసుకో హైదరాబాదుకో మాట్లాడాలంటేనే చిక్కు. దూరం పోయేకొద్దీ కరెంటు నీరసిస్తుంది. దారిలో ఆంప్లిఫయర్లు పెట్టి పెంచాలి. ఆంప్లిఫయరుకు మాట ఏదో, దారిలో అంటుకున్న రొద ఏదో తెలియదు. రెండింటినీ కలిపి పెంచుతుంది. అలా నాలుగైదు చోట్ల పెంచేసరికి అవతలివాళ్లకు గరగర ఎక్కువ, మాట తక్కువ. ట్రంక్ కాల్ రోజుల్లో ఫోను పట్టుకున్న మనిషి వీధి చివరిదాకా వినిపించేలా అరిచింది అందుకే.

ఆ రోజుల్లో కాల్ బుక్ చేసి కూర్చోవాలి. తొందరైతే అర్జెంటు, మరీ తొందరైతే లైట్నింగ్ కాల్. లైట్నింగ్ అంటే మామూలు రేటుకు ఎనిమిది రెట్లు. ఆపరేటరు లేకుండా నేరుగా పొరుగూరికి డయల్ చేసే ఎస్‌టీడీ మన దేశంలో 1960 నవంబరులో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. డయల్ చేయడం సులువైందే గానీ తీగలో పోయేది మాత్రం అదే అనలాగ్ మాట.

సెకనుకు 8,000 కొలతలు

రొద సమస్యకు విరుగుడు 1937లోనే దొరికింది. ఇంగ్లండు ఇంజినీరు అలెక్ రీవ్స్ అప్పుడు పారిస్‌లోని ఐటీటీ ప్రయోగశాలలో పనిచేస్తున్నాడు. మాట ఆకారాన్ని యథాతథంగా పంపడం మానేసి, దాన్ని కొలిచి ఆ కొలతలు పంపితే సరిపోతుందన్నాడు. పల్స్ కోడ్ మాడ్యులేషన్ అని దానికి పేరు. కొలత అంటే అంకె. అంకెను సున్నాలు, ఒకట్లుగా రాయవచ్చు. దారిలో రొద కలిసినా అవతలి పెట్టె తేల్చుకోవాల్సింది ఒక్కటే, వచ్చింది సున్నానా ఒకటా అని. అది తేల్చుకోగానే కొత్తగా, శుభ్రంగా అదే అంకెను రాసి ముందుకు పంపుతుంది. రొద అక్కడికక్కడే రాలిపోతుంది. వంద కిలోమీటర్లు పోయినా వెయ్యి కిలోమీటర్లు పోయినా మాట బయల్దేరినట్టే చేరుతుంది.

ఎన్నిసార్లు కొలవాలి? మాటలో ఉన్న అతి వేగమైన కంపనానికి కనీసం రెండింతల వేగంతో కొలిస్తే ఆ మాటను పూర్తిగా తిరిగి కట్టవచ్చని గణితం చెబుతుంది. టెలిఫోను మోసేది సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా. కాస్త వెసులుబాటు కలిపి 4,000 అనుకుంటే సెకనుకు 8,000 కొలతలు. ఒక్కో కొలతకు 8 బిట్లు. రెండూ గుణిస్తే సెకనుకు 64,000 బిట్లు.

ఎనిమిది బిట్లతో 256 మెట్లే వస్తాయి. ఆ మెట్లన్నీ సమానంగా ఉంటే మెల్లగా మాట్లాడేవాళ్ల గొంతు గరుకుగా వినిపిస్తుంది. అందుకే చిన్న శబ్దాల దగ్గర మెట్లు దగ్గరదగ్గరగా, పెద్ద శబ్దాల దగ్గర ఎడంఎడంగా అమర్చారు. ఐరోపాలోనూ మన దేశంలోనూ వాడే అమరికకు ఎ-లా అని పేరు. చెవి తీరు కూడా అంతే. గుసగుసలో చిన్న తేడాను పడుతుంది, గట్టి చప్పుడులో అంత తేడాను పట్టించుకోదు.

రీవ్స్ ఆలోచన వచ్చిన నాటికి వాల్వులే తప్ప ట్రాన్సిస్టర్లు లేవు. సెకనుకు 8,000 సార్లు కొలిచే పెట్టె వాల్వులతో కట్టాలంటే ఖర్చు భరించలేరు. 1947లో ట్రాన్సిస్టరు పుట్టింది. 1962లో అమెరికాలో ఎక్స్ఛేంజీకీ ఎక్స్ఛేంజీకీ మధ్య ఈ పద్ధతిలో లైన్లు వేశారు. అంటే మన ప్రశ్నకు మొదటి జవాబు దొరికింది: మాట ఊరి పొలిమేరలో, ట్రంకు లైను ఎక్కే ముందు అంకెగా మారేది.

ముప్పై రెండు సీట్ల బస్సు

ఒక్క తీగ మీద ఒక్క మాటే పంపితే డబ్బు దండగ. 64,000 బిట్ల మాటలు ముప్పై కలిపి ఒకే దారిలో పంపే పద్ధతిని మన దేశంలో, ఐరోపాలో వాడారు. దాన్ని ఈ-1 అంటారు. తిరుపతి నుంచి కొండకు పోయే ఆర్టీసీ బస్సునే తీసుకోండి. ఆ బస్సుకు ముప్పై రెండు సీట్లు అనుకోండి. సెకనుకు 8,000 బస్సులు వరసగా కదులుతుంటాయి. ప్రతి బస్సులోనూ అయిదో సీటు మీదే. మీ గొంతు కొలత ఒకటి, అంటే ఎనిమిది బిట్లు, ఆ సీటులో కూర్చుని పోతుంది. తర్వాతి కొలత తర్వాతి బస్సులో, మళ్లీ అయిదో సీటులోనే. మొత్తం 32 సీట్లు, సీటుకు 8 బిట్లు, సెకనుకు 8,000 బస్సులు. గుణిస్తే సెకనుకు 20,48,000 బిట్లు. ఇంజినీర్లు రెండు ఎంబీ లైను అనేది దీన్నే.

ముప్పై రెండు సీట్లలో రెండింటిలో మాట కూర్చోదు. మొదటిది, అంటే సున్నా నంబరు సీటు, బస్సు ఎక్కడ మొదలైందో గుర్తుపట్టడానికి. పదహారో నంబరు సీటు కబుర్లకు: ఎవరు ఎవరిని పిలుస్తున్నారు, అవతల గంట మోగుతోందా, ఎంగేజా, ఫోను పెట్టేశారా. మాట ఒక దారి, మాట గురించిన కబురు వేరే దారి. ఈ విభజన చిన్నదిగా కనిపిస్తుంది గానీ తర్వాతి కథంతా దీనిమీదే నిలబడింది.

మాటలు సీట్లలో కూర్చున్నాక ఎక్స్ఛేంజి పని తేలికైపోయింది. పాత స్ట్రోజర్ ఎక్స్ఛేంజీలో డయల్ తిప్పినప్పుడల్లా ఇనుప చేతులు కదిలి తీగను తీగకు తాకించేవి. ఆ గదిలోకి అడుగుపెడితే ఎడతెగని టకటక. డిజిటల్ ఎక్స్ఛేంజీలో తీగలు కలపడమనేదే లేదు. వచ్చిన బస్సులోని అంకెలను వరసగా జ్ఞాపకపు చిప్పులో రాసుకుంటుంది. బయటికి పంపేటప్పుడు వరస మార్చి చదువుతుంది. అయిదో సీటు మాట పంతొమ్మిదో సీటుకు మారితే మీ కాల్ కలిసినట్టే.

ఎవరి మాట ఏ సీటుకు మారాలో నిర్ణయించేది మీరు నొక్కిన నంబరు. చిత్తూరు కోడ్ 08572, మదనపల్లెది 08571, తిరుపతిది 0877. ముందున్న సున్నా ‘ఇది పై ఊరి కాల్’ అని ఎక్స్ఛేంజీకి చెప్పే గుర్తు మాత్రమే. అది తీసేస్తే చిత్తూరుకు నాలుగంకెల కోడ్, ఆరంకెల నంబరు. తిరుపతికి మూడంకెల కోడ్, ఏడంకెల నంబరు. రెండూ కలిపితే ఎక్కడైనా పదే. తిరుపతికి కోడ్ ఒక అంకె తగ్గి నంబరు ఒక అంకె పెరిగిందంటే అక్కడ ఎక్కువ ఫోన్లకు చోటు ఉంచారన్నమాట.

మన దేశంలో ఈ మార్పు 1980లలో వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని మన్కాపూర్ ఐటీఐ కర్మాగారం ఫ్రాన్సు పరిజ్ఞానంతో ఈ-10బీ ఎక్స్ఛేంజీలు చేసింది. 1984 ఆగస్టులో శాం పిట్రోడా చొరవతో సీ-డాట్ పుట్టింది. అది తయారుచేసిన 128 లైన్ల పల్లె ఎక్స్ఛేంజి మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో నిలిచింది. విదేశీ ఎక్స్ఛేంజీలకు ఏసీ గది కావాలి, దీనికి అక్కర్లేదు. మే నెలలో రేకుల షెడ్డు కాగిపోయే రాయలసీమలాంటి చోట అది చిన్న విషయం కాదు. పల్లె పల్లెనా పసుపు రంగు ఎస్‌టీడీ బూత్ వెలిసిందంటే, రాత్రి పదకొండు దాటాక పావు రేటుకు మాట్లాడదామని జనం వరస కట్టారంటే, వెనక ఉన్నది ఈ యంత్రాలే. మన ప్రశ్నకు జవాబు ఇంకాస్త దగ్గరికి జరిగింది: ఇప్పుడు మాట ఊళ్లోని ఎక్స్ఛేంజీలోనే, మన లైను తగిలిన కార్డు దగ్గరే అంకెగా మారుతోంది.

మోడెమ్ పడిన పాట్లు

ఎక్స్ఛేంజి నుంచి ఇంటిదాకా వచ్చే జంట రాగి తీగ మాత్రం అలాగే ఉండిపోయింది. దాంట్లో పోయేది ఇంకా అనలాగ్ మాటే. కంప్యూటర్లు వచ్చాక ఇందులోని విడ్డూరం బయటపడింది. కంప్యూటరులో ఉన్నవి అంకెలు. మోడెమ్ వాటిని కీచుమనే శబ్దాలుగా మార్చి తీగలోకి వదులుతుంది. ఎక్స్ఛేంజి ఆ శబ్దాలను మనిషి మాట అనుకుని మళ్లీ అంకెలుగా కొలుస్తుంది. అవతలి కొసన మళ్లీ శబ్దం, మళ్లీ అంకె.

ఇంత మార్పిడిలో ఎంత నష్టమో క్లాడ్ షానన్ 1948లో ఇచ్చిన సూత్రంతో లెక్క కట్టవచ్చు. దారి వెడల్పు సుమారు 3,100 హెర్ట్జ్, మాటకూ రొదకూ నిష్పత్తి 35 డెసిబెల్స్ అనుకుంటే గరిష్ఠం సెకనుకు సుమారు 36,000 బిట్లు. మోడెమ్‌లు 33,600 దగ్గరికి వచ్చి ఆగిపోయింది ఇందుకే. తర్వాత వచ్చిన 56కె మోడెమ్ గోడ దూకిందని అనుకున్నారు గానీ, అది చేసింది వేరు. ఇంటర్నెట్ కంపెనీ తన వైపు నేరుగా డిజిటల్ లైను పెట్టుకుంటే ఒక మార్పిడి తప్పుతుంది. ఆ మిగులే ఆ వేగం. మార్పిడి తగ్గితే వేగం పెరుగుతుందని అర్థమయ్యాక తర్వాతి అడుగు తేలిపోయింది. అసలు మన ఇంట్లోనే మాటను అంకె చేసేస్తే?

తీగ అదే, కొస మారింది

ఐఎస్‌డీఎన్ చేసింది అదే. కొత్త తీగ వేయలేదు. తీగకు రెండు కొసల్లో పెట్టెలు మార్చింది. ఇంటికిచ్చే చిన్న కనెక్షనుకు 2బీ+డీ అని గుర్తు. బీ అంటే 64,000 బిట్ల దారి, అలాంటివి రెండు. డీ అంటే 16,000 బిట్ల కబుర్ల దారి. మొత్తం 1,44,000 బిట్లు. ఒక బీ మీద మాట్లాడుతూ ఇంకో బీ మీద ఇంటర్నెట్ చూడవచ్చు. మాట అక్కర్లేనప్పుడు రెండూ కలిపి 1,28,000 బిట్లు సమాచారానికే వాడుకోవచ్చు. మూడో కాల్ వస్తే డీ దారిలో ఆ కబురు అందుతుంది. పెద్ద ఆఫీసుకైతే మొత్తం ఈ-1 లైనే ఇచ్చేస్తారు. అది 30 బీ, ఒక డీ. పీఆర్‌ఐ లైను అన్న పేరుతో కాల్ సెంటర్లలో, పెద్ద ఆస్పత్రుల్లో, హోటళ్లలో ఒకే నంబరుకు ముప్పై కాల్స్ ఒకేసారి వచ్చేలా చేసింది ఇదే.

మాట కోసం వేసిన రాగి తీగ ఇంత బరువు ఎలా మోసింది? రెండు ఉపాయాలు. ఒకటి, బిట్లను రెండేసి జతకట్టి నాలుగు వోల్టేజి మెట్లలో ఒకటిగా పంపడం. అప్పుడు సెకనుకు 1,60,000 బిట్లు పంపాలన్నా తీగలో మార్పులు 80,000 చాలు. మార్పులు తగ్గితే తీగలో నీరసం తగ్గుతుంది, అయిదు కిలోమీటర్లు దాటిన ఇంటిదాకా పోతుంది. రెండోది ప్రతిధ్వనిని తీసివేయడం. ఒకే జంట తీగలో ఇటూ అటూ ఒకేసారి పంపితే మనం పంపినదే మనకు తిరిగి వినిపిస్తుంది. మనం ఏం పంపామో మన పెట్టెకు తెలుసు కదా. తిరిగి వచ్చిన దానిలోంచి దాన్ని లెక్క ప్రకారం తీసేస్తే మిగిలింది అవతలివాళ్లది. 1980లలో చిప్పుల ధర తగ్గాకే ఇంటింటి పెట్టెలో ఈ లెక్క సాధ్యమైంది. జపాన్‌లో ఎన్‌టీటీ 1988లో ఈ సేవ మొదలుపెట్టింది. మన దేశానికి 1990లలో వచ్చింది.

ఇప్పుడు పల్లె ఆస్పత్రి లెక్క చూద్దాం. ఎడమనుంచి కుడికి 2,000, పైనుంచి కిందికి 2,500 చుక్కలతో ఒక ఎక్స్‌రే బొమ్మ, చుక్కకు 12 బిట్లు. మొత్తం 6 కోట్ల బిట్లు. 33,600 మోడెమ్ మీద పంపితే అరగంట. ఐఎస్‌డీఎన్ రెండు దారులూ కలిపితే ఎనిమిది నిమిషాలలోపే. గుండెనొప్పి మనిషి బల్ల మీద ఉన్నప్పుడు ఈ ఇరవై రెండు నిమిషాల తేడా ఎంతో డాక్టర్లకు చెప్పక్కర్లేదు. ఈసీజీ సంగతి ఇంకా ఆసక్తికరం. పన్నెండు లీడ్లలో స్వతంత్రంగా కొలవాల్సినవి ఎనిమిదే; మిగతా నాలుగు వాటి నుంచి లెక్కకట్టవచ్చు. సెకనుకు 500 కొలతలు, కొలతకు 16 బిట్లు అనుకుంటే ఎనిమిది లీడ్లకు సెకనుకు సరిగ్గా 64,000 బిట్లు. ఒక మనిషి గొంతు కోసం కొలిచి పెట్టిన దారిలో ఒక మనిషి గుండె చప్పుడంతా పడుతుంది.

కదిలే బొమ్మకు మాత్రం ఇది చాలదు. 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తున్న చిన్న వీడియోను కుదించకుండా పంపాలంటే సెకనుకు మూడున్నర కోట్ల బిట్లకు పైనే కావాలి. 1,28,000లో పట్టాలంటే దాదాపు మూడు వందల వంతు కుదించాలి. అందుకోసమే వచ్చిన వీడియో ప్రమాణం హెచ్.261 ఐఎస్‌డీఎన్ దారులను లెక్కలో పెట్టుకునే, 64,000 గుణిజాలకు సరిపడేలా తయారైంది. ముందటి బొమ్మకూ ఇప్పటి బొమ్మకూ తేడా ఉన్న ముక్కలనే పంపడం దాని కిటుకు. ఈ రోజు వీడియో కాల్‌లో వాడే పద్ధతులన్నీ ఆ వంశంలోవే. డాక్టరు తల తిప్పినప్పుడు ముఖం గళ్లుగళ్లుగా చెదరడం అప్పటి కుదింపు లక్షణం. నిశ్చలంగా ఉన్న ఎక్స్‌రేకు ఆ బాధ లేదు.

ఎందుకు నిలవలేదు?

ఇంత పనికొచ్చేది మన ఊళ్లలో ఎందుకు పాతుకోలేదు? మొదటి కారణం అందులోనే ఉంది. మీరు మాట్లాడకపోయినా మీ సీటు మీదే. బస్సు ఖాళీ సీటుతో పోవాల్సిందే. ఫోను సంభాషణలో ఒకరు మాట్లాడుతుంటే ఒకరు వింటారు గనుక ఎప్పుడూ సగం సీట్లు ఖాళీయే. ఇంటర్నెట్ పేజీ చదువుతున్నంతసేపూ మొత్తం ఖాళీయే. మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. సీటు ఎవరి పేరా రాయకుండా, వచ్చిన పార్శిలును వచ్చినట్టు ఎక్కించుకుపోయే ప్యాకెట్ పద్ధతి వచ్చాక ఈ లెక్క నిలబడలేదు.

రెండో కారణం దూరం. ఐఎస్‌డీఎన్‌కు మీ ఊరి ఎక్స్ఛేంజీ, అక్కణ్నుంచి నగరందాకా లైనూ మొత్తం డిజిటల్ అయి ఉండాలి. మధ్యలో ఒక్క పాత మెట్టున్నా కుదరదు. అలాంటి చోట అక్కరకొచ్చేది ఉపగ్రహం. ఆకాశం నుంచి వచ్చే దారికి ఊరి ఎక్స్ఛేంజీతో పనిలేదు. దానికీ ఒక మూల్యం ఉంది. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల పైన ఉంటుంది. మాట పైకి పోయి కిందికి రావడానికి పావు సెకను. జవాబు రావడానికి ఇంకో పావు. ‘నొప్పి ఎక్కడ?’ అని డాక్టరు అడిగాక అర సెకను నిశ్శబ్దం. రోగి మాట్లాడబోయేసరికి డాక్టరు మళ్లీ అడుగుతాడు, ఇద్దరి మాటలూ ఢీకొంటాయి. దీనికి అలవాటు పడాలే తప్ప మందు లేదు.

మూడో కారణం 2005 జనవరి 14న వచ్చింది. ఆ రోజు బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది. ఏడీఎస్ఎల్ అనే ఈ పద్ధతి ఐఎస్‌డీఎన్‌కు సరిగ్గా ఎదురు దారిలో నడిచింది. మాటను ముట్టుకోలేదు, అది 4,000 హెర్ట్జ్ లోపు ఎప్పటిలా అనలాగ్‌గానే పోనిచ్చింది. రాగి తీగలో ఎవరూ వాడని పై భాగాన్ని, అంటే సుమారు 25,000 హెర్ట్జ్ నుంచి పది లక్షలు దాటేదాకా, వందల చిన్న దారులుగా కోసి సమాచారానికి వాడింది. గోడకు బిగించిన స్ప్లిటర్ అనే చిన్న డబ్బీ రెండింటినీ విడదీసేది. కనీస వేగమే 2,56,000 బిట్లు, పైగా ఎప్పుడూ ఆన్. అయితే తీగలో పై కంపనాలు త్వరగా నీరసిస్తాయి. ఎక్స్ఛేంజి పక్కనున్న తిరుపతి వీధులకు అందిన వేగం, నాలుగైదు కిలోమీటర్ల అవతలి పల్లెకు అందేది కాదు.

ఫైబరు, జేబు

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఫైబరు కేబుల్‌తో ఫోను, ఇంటర్నెట్, టీవీ మూడూ కలిపి నెలకు 149 రూపాయలకు మొదలయ్యే ప్యాకేజీలు ఇచ్చారు. మూడు దశాబ్దాల కిందట ఐఎస్‌డీఎన్ చేద్దామనుకున్న పని ఇదే: ఒకే లైను, అన్ని సేవలు. తేడా ఏమిటంటే అప్పట్లో అన్నింటినీ కలిపేది ఎక్స్ఛేంజి. ఇప్పుడు కలిపేది ప్యాకెట్. ఇంట్లోని ఫైబరు పెట్టె మీ మాటను సెకనులో యాభయ్యో వంతు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు చిరునామా అంటించి, సినిమా బిట్ల మధ్యలోనే వదులుతుంది. ముక్కలు వెనకాముందు అయితే అవతలి పెట్టె కాసేపు ఆగి వరస సర్దుకుంటుంది. ఆరు కోట్ల బిట్ల ఎక్స్‌రే, సెకనుకు పది కోట్ల బిట్ల లైను మీద ఒక సెకను కూడా పట్టదు.

సెల్‌ఫోను కథ ఇంకో కొమ్మ. తొలి జీఎస్ఎం ఫోన్లలోనే మాట జేబులోనే అంకె అయ్యేది, సెకనుకు 13,000 బిట్లతో. కాల్ పెట్టడానికీ తీయడానికీ జీఎస్ఎం వాడిన సంకేత భాష ఐఎస్‌డీఎన్ డీ దారిలోని భాష నుంచి తీసుకున్నదే. పైకి ఓడిన పద్ధతి లోపల ఇలా బతికింది. 4జీ మీద మాట పంపే వోల్టేలో అసలు మార్పు వినికిడిది. కొలతలు సెకనుకు 16,000కు పెరిగి, 7,000 హెర్ట్జ్ దాకా శబ్దం పోతుంది. స, ఫ లాంటి ధ్వనుల ఊపిరి చాలావరకు 3,400 పైనే ఉంటుంది. పాత ఫోనులో పేరు చెబితే రెండోసారి అడిగేది ఆ భాగం కోసుకుపోవడం వల్లే. పాత 64,000 బిట్లలో సగానికి తక్కువతోనే ఇప్పుడు ఇంకా స్పష్టంగా వినిపిస్తోంది. గొంతు ఎలా పుడుతుందో చిప్పుకు నేర్పి, ఆ నమూనాలోని మార్పులను మాత్రమే పంపడం దీని రహస్యం. ఆ చిప్పులున్న ఫోన్లు ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే, శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో తయారవుతున్నాయి.

అంకె దగ్గరైంది, బ్యాటరీ కూడా

మాట అంకెగా మారే చోటు పొలిమేర నుంచి ఎక్స్ఛేంజీకి, అక్కడి నుంచి ఇంటి గోడకు, గోడ నుంచి జేబుకు వచ్చింది. ఆ చోటుతోపాటు ఇంకోటి కూడా మన దగ్గరికి వచ్చిందని పెద్దగా ఎవరూ చెప్పలేదు. అది కరెంటు బాధ్యత. పాత ల్యాండ్‌లైనుకు ఇంట్లో ప్లగ్ అక్కర్లేదు. ఎక్స్ఛేంజీలో వరసగా పేర్చిన బ్యాటరీల నుంచి 48 వోల్టులు అదే జంట తీగలో ఇంటిదాకా వచ్చేవి. రాత్రంతా కరెంటు పోయినా డయల్ టోన్ ఉండేది. 1985లో పుట్టిన, తిరుపతి దగ్గరి కరకంబాడిలో బ్యాటరీలు చేసే అమరరాజాకు టెలికాం పెద్ద మార్కెట్ అయింది ఇందువల్లే. నీళ్లు పోయనక్కర్లేని సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఎక్స్ఛేంజీలకూ టవర్లకూ ప్రాణం.

ఫైబరులో పోయేది వెలుగు. వెలుగు గాజులో మాటను మోస్తుంది గానీ ఇంట్లోని పెట్టెను నడిపేంత కరెంటును తేదు. కరెంటు పోతే పెట్టె ఆరిపోతుంది, ఫోనూ పోతుంది. సెల్‌ఫోనుకు దాని బ్యాటరీ ఉన్నా టవరు బ్యాటరీ అయిపోతే అంతే. బ్రిటన్‌లో పాత లైన్ల మూసివేతను 2027 జనవరికి వాయిదా వేయడంలో ఈ చిక్కుకే ముఖ్య స్థానం: ఒంటరి వృద్ధులు ఆపదలో నొక్కే అలారం పెట్టెలు పాత లైన్ల మీదే పనిచేస్తున్నాయి. జపాన్ తన ఐఎస్‌డీఎన్ సమాచార సేవను 2024 జనవరి నుంచి దశలవారీగా ఆపింది. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానల్లాంటివి వచ్చినప్పుడు ఈ కరెంటు చిక్కు మనకూ దూరపు సంగతి కాదు.

ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులోనే ఈ-సంజీవని టెలిమెడిసిన్‌ను ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాలకు తెచ్చుకుంది. అరగొండలో ఒకప్పుడు ప్రత్యేకంగా లైన్లు వేసి చేసిన పని ఇప్పుడు ట్యాబు మీద జరుగుతోంది. వేగం సమస్య తీరిపోయింది. తీరనిది నమ్మకం సమస్య. కరెంటు లేని రాత్రి కూడా ఆ లైను పలుకుతుందా అన్నది. దానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఫైబరు పెట్టె తినేది పది వాట్ల చిల్లర. 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒకటి తగిలిస్తే ఆరు గంటలైనా నడుస్తుంది. ఆరోగ్య కేంద్రానికి ఫైబరు కనెక్షను ఇచ్చే టెండరులో సెకనుకు ఎన్ని బిట్లు అన్న వరస ఎలాగూ ఉంటుంది. కరెంటు పోయాక ఎన్ని గంటలు అన్న వరస కూడా దాని పక్కనే చేర్చాలి.